ఇరవై నాలుగంగుళాల నడుము

ఖరిదా, ఖరగ్‌పూర్
సెప్టెంబరు 8, 2025

లలితా,

దొంగవి నువ్వు. ఈ కాగితం చేత్తో పట్టుకుని, కళ్లజోడు సర్దుకుని, "ఇది నా గురించి కాదులే" అనుకుంటున్నావే, నువ్వే. పదిమంది ఆడవాళ్ల ఒంటిమీంచి తలా కొన్ని అంగుళాలు దొంగిలించావు. దొంగిలించి, ఇస్త్రీ చేసి, పైన గులాబీ రిబ్బను కట్టి, మాకే పార్సిల్ పంపావు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. చెయ్యను. నేను అరవడం మొదలుపెట్టగానే నీకు సిగ్నల్ పోతుంది. చిన్నప్పుడు రైల్వే కాలనీలో పక్కపక్క క్వార్టర్లలో పెరిగిన దానివి, నీ వేషాలు నాకు తెలియవా? ఉత్తరానికి సిగ్నల్ అక్కర్లేదు. చివరిదాకా చదవాల్సిందే.

సంగతి ఇది. మా మిత్ర కళా సమితి డిసెంబరు 14న "పాతకాలపు రైలు పట్నం" అని ఊరేగింపు పెట్టింది. పదకొండుమంది తెలుగు ఆడవాళ్లం పాతకాలం గౌన్లు వేసుకుని ఖరిదా బజారు గుండా నడవాలట. ఆ కాలంలో గౌన్లు వేసుకున్నది దొరసానులు, మన ముత్తవ్వలు చీర కచ్చ బిగించి పట్టాల కింద కంకర మోశారు అని మీటింగులో నలభై నిమిషాలు మాట్లాడాను. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టి, గౌన్లకే ఓటేశారు.

అందరికన్నా ముందు నడిచి పచ్చజెండా ఊపేది తాయారమ్మ. నీకు తెలీదు, నువ్వు వెళ్లిపోయాక ఈ వీధికి వచ్చింది. అరవై ఏడేళ్లు. భర్త పోతే ఆయన ఉద్యోగం ఈవిడకిచ్చారు. వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఇనుము మోసింది. ఈ ఊరేగింపులో గౌరవం అనేది ఒకటుంటే అది ఆవిడది.

నువ్వు విశాఖలో కుట్టి పంపిన గౌను నడుము ఇరవై నాలుగు. పదకొండు గౌన్లకీ ఇరవై నాలుగే. తాయారమ్మ నడుము ముప్పై ఎనిమిది. తల దూరింది, ఒక చెయ్యి దూరింది, అక్కడ బండి ఆగిపోయింది. ముగ్గురం పట్టి వెనక్కి లాగితే గౌనుతోపాటు ఆవిడ చెవి కమ్మ కూడా ఊడివచ్చింది.

గౌను పట్టకపోతే గౌను తప్పు అని ఎవరైనా అనుకుంటారు. మా కార్యదర్శి గణపతిరావుగారు అనుకోలేదు. నీకు ఆర్డరిచ్చిన మహానుభావుడు ఆయనే. వ్యాగన్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. గూడ్సు బండి సొరంగంలో తగలకుండా ముందే ఒక చట్రం కిందనుంచి పంపి చూస్తారట, దాన్ని గేజి అంటారట. ఆయన ప్లైవుడ్ పలకలో ఆడమనిషి ఆకారం కోసి, సమితి హాలు పెరట్లో నిలబెట్టాడు. నీ గౌను కొలతలతో! ఒక్కొక్కరినీ అందులోంచి నడవమన్నాడు. తగిలినచోట సుద్దముక్కతో గుర్తు. చేతికో చీటీ. చీటీ మీద "అన్‌ఫిట్". అలాంటివాళ్లకి గోడవార ఒక బెంచీ, దానికి "సిక్ లైన్" అని బోర్డు. పాడైన వ్యాగన్లను పక్కకి తోసి ఉంచే లైను పేరు అది.

నవ్వలేదే ఎవరూ! రైల్వే ఇళ్లలో పుట్టినవాళ్లం, నిలబడమంటే వరసగా నిలబడ్డాం. నాకు మూడుచోట్ల గుర్తు పడింది. ఎక్కడెక్కడో నీకు చెప్పను. పాసైంది ఒక్కతే, ఆయన మనవరాలు వెన్నెల, పంతొమ్మిదేళ్ల పిల్ల. పచ్చజెండా ఆ పిల్ల పట్టుకుంటుందట, "తాయారమ్మ వయసులో ఉన్నప్పుడు ఇలా ఉండేది" అనుకోవాలట జనం. తాయారమ్మ మటుకు వెళ్లి బెంచీ మీద కూర్చుని, మురీ పొట్లం విప్పి మరమరాలు నములుతోంది.

"కోపం రావట్లేదా మీకు?" అన్నాను.

"కోపమేటమ్మా? గేజికి తగిలిన బండిని లైన్లోకి ఒదుల్తారేటి?" అంది. పొట్లం మడిచి, "కానీ ఒక్కపాలి గౌను ఏసుకోవాలనుందమ్మా. సిన్నప్పుడు బంగళాలో మేమ్‌సాబ్ గౌన్లు ఇస్త్రీ సేసినాను. ఏడి ఏడిగా మడతెట్టి ఇచ్చేసేదాన్ని" అంది.

దొరసానుల గౌన్ల మీద నలభై నిమిషాలు మాట్లాడిన నోరు నాది. ఇప్పుడు నాకు ఈ దేశంలో ఒకే ఒక్క రాజకీయ లక్ష్యం మిగిలింది. తాయారమ్మ గౌను వేసుకుని ముందు నడవాలి.

ఒక్కదానికి జవాబు చెప్పు. ఎవరిది ఈ నడుము? ఎవత్తెది? పేరు చెప్పు. ఊపిరి పీల్చే మనిషిదా, షోకేసులో బొమ్మదా?

సుచరిత

*

విశాఖపట్నం
సెప్టెంబరు 21

సుచరితకి,

నీ ఉత్తరం షాపులో అందరికీ చదివి వినిపించాను. శ్రావణి అని మా దగ్గర కుట్టే పిల్ల, మెషిన్ ఆపి మరీ నవ్వింది. "ఆవిడ మన కస్టమరా అక్కా?" అంది. కాదు, నా చిన్ననాటి స్నేహితురాలు అన్నాను. "అయ్యో" అంది.

మీ గణపతిరావుగారి ఆర్డరు నా దగ్గరే ఉంది. "స్టాండర్డ్ సైజు, పదకొండు. తేడాలు ఉండరాదు." సార్, ఆడవాళ్లు పదకొండు రకాలుగా ఉంటారు అని ఫోన్ చేసి చెప్పాను. "మేడమ్, పదకొండు వ్యాగన్లు ఒకే డ్రాయింగు మీద తయారవ్వవా?" అన్నారు. స్టాండర్డ్ అన్నారు కాబట్టి నా దగ్గరున్న స్టాండర్డు నమూనాతో కత్తిరించాను.

ఆ నమూనా బొమ్మది కాదు. నిజం మనిషి మీద నిలిచిన కొలత. ఆ మనిషి అందులో ఊపిరి పీల్చుకుంది, పాట పాడింది, చప్పట్లు కూడా కొట్టించుకుంది. పేరు అడక్కు. కొన్ని కొలతలు పేరు లేకుండా ఉంటేనే మర్యాద.

నీకు అంత లక్ష్యముంటే ఇంట్లో కూర్చుని సరిచేసుకో. లెక్కల టీచరువి కదా. కోపం తగ్గాకే సూది పట్టుకో. వేలు గుచ్చుకుంటే దానికీ నన్నే తిడతావు.

లలితాంబ

*

ఖరిదా, ఖరగ్‌పూర్
అక్టోబరు 19

లలితా,

వేలు గుచ్చుకుంది. నాలుగుసార్లు. నాలుగుసార్లూ నిన్నే తిట్టాను.

పూజ ముందు ఈ ఊళ్లో ఏ దర్జీ దగ్గరకెళ్లినా చేతులు జోడిస్తాడు. "పూజోర్ పోరే దీదీ, పూజోర్ పోరే." పూజలయ్యాక రమ్మంటాడు. అందుకని మా భోజనాల బల్ల మీద తాయారమ్మ గౌను పరిచి, పక్క కుట్టు విప్పాను. లోపల గుడ్డ ఎంత వదిలావో తెలుసా? పావంగుళం! పావంగుళం వదిలిన దానివి ఆడదానివేనా?

మన జాకెట్టు తీసుకో. ఏ ఊరి దర్జీ కుట్టినా లోపల రెండంగుళాలు మడిచి, పక్కపక్కనే మూడు కుట్లు వేస్తాడు. పెళ్లికి ఒకటి, కాన్పుకి ఒకటి విప్పుకుంటాం, మూడోది సుఖంగా తిన్నందుకు. ఆ జాకెట్టుకి ఈ మనిషి రేపు కూడా బతుకుతుంది, మారుతుంది అన్న నమ్మకం ఉంది. నీ గౌనుకి రేపు అనేది లేదు. ఇరవై నాలుగు దగ్గర కాలాన్ని కట్టేసి తాళం వేశావు. పాతకాలపు అందం అని దానికో పేరు. కింద చూస్తే అంచు పొడవునా పదిమందికి సరిపడ గుడ్డ. నడుం దగ్గరికొచ్చేసరికి కరువు. సంపద అంతా ఎటు పోయిందో, అవసరం ఎక్కడుందో, ఈ దేశం పటం గీసినట్టే ఉంది.

అయినా గెలిచాను. విను.

నీ స్కర్టు గుండ్రం. మధ్యలో చిన్న సున్నా కోసి నడుమన్నావు. వృత్తం చుట్టుకొలత వ్యాసార్థంతోపాటు పెరుగుతుందని ముప్పై ఏళ్లుగా పిల్లలకి చెబుతున్నాను, నా చెవికే ఎక్కలేదు. ఆ సున్నాని రెండుంబావు అంగుళాలు కిందికి జరిపి కోశాను. కొలిస్తే ముప్పై ఎనిమిది! రెండుంబావుకి పద్నాలుగు అంగుళాల నడుము! స్కర్టు ఆ మేరకి పొట్టయింది, తాయారమ్మ కూడా పొట్టే. బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాను.

పైభాగానికి గుడ్డ లేదు. వెనక నువ్వు కట్టిన బో ఉంది చూశావూ, కూర్చుంటే నడ్డికి గుచ్చుకునేది. అది విప్పితే రెండు గజాలు. దాన్ని రెండు పట్టీలు చేసి, చంక కిందినుంచి నడుం దాకా చెరోపక్కా ఏడేసి అంగుళాలు కలిపాను. ముందు కచ్చా కుట్టు వేసి చూసి, తర్వాత మెషిన్ మీద తొక్కాను. చెయ్యెత్తి జెండా ఊపాలి కదా, చంకలో ఒక ముక్క వదులుగా వేశాను.

తాయారమ్మ వేసుకుంది. మా బీరువా అద్దంలో చూసుకుంది. "ఎలా ఉందమ్మా?" అన్నాను.

"జేబు నేదేటమ్మా దీనికి?" అంది. "జెండా ఊపీసినాక ఎక్కడ ఎట్టుకోను?"

జేబు కూడా కుట్టాను.

తీసుకెళ్లి గణపతిరావుగారి ముందు నిలబెట్టాను. ఆయన చుట్టూ తిరిగి చూశాడు. గౌను పట్టిందని ఒప్పుకున్నాడు. గేజి దాటమన్నాడు. ముప్పై ఎనిమిది అంగుళాల మనిషి ఇరవై నాలుగు అంగుళాల పలకలోంచి ఎలా వెళుతుంది?

"గౌను ఫిట్టే మేడమ్. మనిషే అన్‌ఫిట్టు" అన్నాడు.

"ఏం మాట్లాడుతున్నారండీ?"

"ఏటి మేడమ్, తగిలింది కదా, కనబడలేదా? రూలు నాకు సుట్టమేటి?"

వెన్నెల సంగతి వింటే ఇంకా బాగుంటుంది. పూజల్లో సప్తమినాడు రెండోసారి కూడా పాసైన పిల్ల, అష్టమి భోగ్ ప్రసాదం కిచిడీ రెండుసార్లు పెట్టించుకుని, నవమినాడు గేజిలో ఇరుక్కుంది. రెండు రోజుల్లో మనిషి కొలత మారిందా లేదా అని నిలదీశాను. ఆయన ఆలోచించి ఆ పిల్లకి తాత్కాలిక ఫిట్ సర్టిఫికెట్ ఇచ్చాడు, "అరిగిన పిమ్మట మరల తనిఖీ" అని రాసి. పాపం వెన్నెల నా దగ్గరకొచ్చి, "ఆంటీ, నాకు ముందు నడవాలని లేదు. ఈ గౌన్లో ఊపిరాడట్లేదు. తాతకి చెప్పలేను" అంది.

మళ్లీ అడుగుతున్నాను. పాట పాడిందట, చప్పట్లు కొట్టించుకుందట! ఎవరా మహాతల్లి? ఆవిడ కోసం ఇంతమంది ఎందుకు కుంచించుకుపోవాలి? పేరు రాయి. నేరుగా ఆవిడకే ఉత్తరం రాస్తాను.

సుచరిత

*

విశాఖపట్నం
నవంబరు 2

సుచరితా,

రాయి మరి. అడ్రసు నీ దగ్గరే ఉంది.

1989 ఫిబ్రవరి. కాలనీ వార్షికోత్సవంలో నాటకం. స్టేషన్ మాస్టరు కూతురి వేషం నాది. మూడు నెలలు రిహార్సల్ చేశాను. నువ్వు తెర పక్కన పుస్తకం పట్టుకుని మాటలు అందించేదానివి, అందుకే నీకు నా మాటలన్నీ వచ్చు. నాటకానికి రెండు గంటల ముందు కలకత్తా నుంచి గౌను వచ్చింది. నీలం రంగు. నాకు వెనక హుక్కులు పడలేదు. ఇద్దరు పెద్దవాళ్లు మోకాలితో నా వీపు తొక్కి లాగారు. ఎవరో అన్నారు, "సుచరితకి పడుతుందేమో చూడండి" అని.

పడింది. నువ్వు నా వైపు చూడలేదు. నీ తప్పని అనను, అద్దం అటువైపుంది. నువ్వు బాగా చేశావు. పాట కూడా బాగా పాడావు. మాటలు మర్చిపోతే అందించడానికి నేను తెర పక్కన నిలబడ్డాను. ఒక్కటి కూడా మర్చిపోలేదు.

అయిపోయాక గౌను నా చేతికిచ్చి, "ఉతికి ఇచ్చెయ్యవే" అన్నావు. ఉతకలేదు, ఇవ్వలేదు. ఇంటికి తీసుకెళ్లి లోపలికి తిప్పి చూశాను. రెండు పక్కలా గుడ్డ మడిచి ఉంది. రెండేసి అంగుళాలు. దారం కొన పట్టుకుని లాగితే పావుగంట పని. అంతమంది ఉన్న హాల్లో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, దాన్ని తిప్పి చూడలేదు.

నేను కుట్టుపని నేర్చుకున్నది ఆ గౌను విప్పే. కాగితం మీద పరిచి కత్తిరించుకున్న మొదటి నమూనా అదే. పాతకాలం గౌను కావాలని ఎవరొచ్చినా దాన్నే తీస్తాను. ముప్పై ఆరేళ్లుగా నీ నడుమే కత్తిరిస్తున్నాను. లోపల గుడ్డ వదలను. వదిలితే మాత్రం ఎవరు తిప్పి చూస్తారు?

తాయారమ్మగారి గౌనుకి జేబు కుట్టావని చదివి శ్రావణి మళ్లీ మెషిన్ ఆపింది. ఈసారి నవ్వలేదు.

లలిత

*

ఖరిదా, ఖరగ్‌పూర్
నవంబరు 23

లలితా,

నీ ఉత్తరం బీరువాలో చీరల కింద పెట్టి, పది రోజులు నీతో వాదించాను. నా సంగతి నీకు తెలుసు, ముందు వాదిస్తాను, తర్వాతే ఏదైనా. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు అన్నాను. నిర్ణయం పెద్దవాళ్లది అన్నాను. టిక్కెట్లు కొన్న జనం కూర్చుని ఉన్నారు, ఎవరో ఒకరు ఎక్కాలి కదా అన్నాను. మూడు వాదనలూ గట్టివే. పదకొండో రోజు పాఠం చెబుతూ, బోర్డు దగ్గర సుద్దముక్క చేత్తో పట్టుకుని ఉండగా తోచింది, ఈ మూడూ గణపతిరావుగారు చెప్పేవే. రూలు నేను పెట్టలేదు, నాకు పట్టింది, నేను దాటాను.

అది నీ వేషమని నాకు తెలుసే. ఇంకోమాట కూడా ఒప్పుకోవాలి. అద్దం అటువైపు లేదు. నీ మొహం అందులో కనిపించింది. చూశాను. చూసి, హుక్కులు పెట్టమని వీపు తిప్పాను.

ఆ మధ్యాహ్నం బడి అవగానే సమితి హాలుకి వెళ్లాను, ఆ పలక విరగ్గొట్టాలని. గణపతిరావుగారు దానికి వార్నిష్ వేస్తున్నాడు. చేతిలో బ్రష్షుతో అంత శ్రద్ధగా కనిపించేసరికి విరగ్గొట్టబుద్ధి కాలేదు.

"సార్, ఊరేగింపులో మీరూ నడుస్తారా?" అన్నాను.

"నడవనా మరి? కార్యదర్శిని."

"తనిఖీ అయిందా?"

ఆయన బ్రష్షు కింద పెట్టాడు. ఆ మనిషి గురించి నేను ఎన్ని చెడ్డమాటలైనా రాస్తాను కానీ దొంగ అని మటుకు రాయలేను. చొక్కా సర్దుకుని, వెళ్లి గేజిలో నిలబడ్డాడు. భుజాలు తగిలాయి. పొట్ట ఇరుక్కుంది. ముందుకీ రాడు, వెనక్కీ పోడు. "తగిలిందా?" అంటాడు లోపలినుంచి.

తాయారమ్మ బెంచీ మీంచి లేచి, సుద్దముక్క తీసుకుని, తగిలిన నాలుగుచోట్లా గుర్తు పెట్టింది. చీటీ రాసి ఆయన జేబులో పెట్టింది. ఇద్దరం వెనక్కి లాగాం. ఆయన చీటీ తీసి చదువుకుని, సంతకం సరిగ్గా ఉందో లేదో చూసుకుని, వెళ్లి సిక్ లైన్ బెంచీ మీద తాయారమ్మ పక్కన కూర్చున్నాడు.

నాలుగు రోజులు, లలితా! పొద్దున తొమ్మిదికి వచ్చేవాడు, సాయంత్రం అయిదుకి లేచేవాడు. బ్యానర్ల వాడొచ్చి సంతకం పెట్టమంటే, "నాను సిక్‌లో ఉన్నాను దాదా" అనేవాడు. ఊరేగింపు పనులన్నీ ఆగిపోయాయి. తాయారమ్మ తన మురీ చెరిసగం పెట్టేది. నాలుగో రోజు ఆవిడకే విసుగొచ్చింది.

"ఏటి సారూ, సిక్ అంటే కండెమ్, తుక్కు అనుకున్నారేటి? సిక్‌లో ఎట్టిన బండిని మరమ్మత్తు సేసి పంపాల. ఊరికినే కూకోబెట్టీడం ఏ రూల్లో ఉంది?"

"మరమ్మత్తంటే, నన్ను సన్నంగా సెయ్యాలి కదా తాయారమ్మా?"

"మిమ్మల్నేటి సేస్తాం ఈ వయసులో. డ్రాయింగు దిద్దండి."

డ్రాయింగు దిద్దడానికి అధికారం ఎవరిదని ఆయన అడిగాడు. కార్యదర్శిదే అన్నాను. కార్యదర్శి సిక్‌లో ఉన్నాడు కదా అన్నాడు. లలితా, ఆ ఒక్క చిక్కు తేలడానికి సాయంత్రం అయింది. చివరికి తాయారమ్మ ఆయనకి రెండు గంటల ఫిట్ సర్టిఫికెట్ రాసిచ్చింది. ఆయన లేచి, పెన్సిల్‌తో కొత్త గీత గీసి, తేదీ వేసి, పొట్టి సంతకం చేసి, రంపం తెచ్చాడు.

కొయ్యడం మొదలుపెట్టాక ఆ మనిషి ఆగలేదు. ఒక్కరికి తగిలినా మళ్లీ కోస్తాడు. ఇప్పుడు ఆ గేజి ఎంత వెడల్పయిందంటే నిన్న ఒక టోటో, బ్యాటరీ రిక్షా, అందులోంచి వెళ్లింది. దానికీ ఫిట్ చీటీ ఇచ్చాడు. తోలేవాడు అదేదో పోలీసు కాగితం అనుకుని భద్రంగా దాచుకున్నాడు.

వెన్నెల జెండా తెచ్చి తాయారమ్మ చేతిలో పెట్టింది. గెలిచాం అనుకున్నాను. తాయారమ్మ తీసుకోలేదు.

"మిగతావోళ్ల గౌన్లు ఏవమ్మా?" అంది. "ఇంజనొక్కటే ఎలిపోతే బండి ఎలినట్టేటి? ఆళ్లు బెంచీ మీద కూకుంటే నాను జెండా ఎవులికి ఊపాల?"

ఆవిడ గౌను ఇస్త్రీ చేసి, మడిచి, మా ఇంట్లోనే వదిలి వెళ్లింది. అందరివీ అయితేగాని వేసుకోదట. మళ్లీ వేడి మీదే మడతపెట్టింది, నా కళ్లముందే. నేను చూడలేకపోయాను. ఇప్పటికి ఆవిడది కాక ఇంకో రెండు సరిచేశాను. వెన్నెలది ఊపిరాడేంత వదులు చేశాను. బడి ఉంది, పరీక్షలున్నాయి, నాకున్నవి రెండు చేతులు. మూడు వారాలు టైముంది.

కాబట్టి ఇది ఉత్తరం కాదు. పద్దెనిమిదేళ్లప్పుడు నోరు మూసుకున్న ఒకత్తె, యాభై నాలుగేళ్లకి సమర్పిస్తున్న డిమాండ్ల పత్రం.

సుచరిత

డిమాండ్లు:

1. డిసెంబరు 6 లోపల నువ్వు ఖరగ్‌పూర్‌లో దిగాలి. శ్రావణిని వెంట తేవాలి. స్టేషనుకి నేనే వస్తాను.

2. ఆరు గౌన్లు మిగిలాయి. నీకు మూడు, నాకు మూడు.

3. ఆ నమూనా ఇకమీద ఎవరికీ కత్తిరించకూడదు. కొత్త నమూనా తాయారమ్మ కొలతల మీద తియ్యాలి. ఛాతీ 40, నడుము 38, భుజం 15. జేబుతో సహా.

4. నువ్వు కుట్టే ప్రతి గౌనుకీ లోపల రెండంగుళాలు వదలాలి. తిప్పి చూసే బాధ్యత మాది.

5. 1989 ఫిబ్రవరి సంగతి మొత్తం నా మొహం మీదే చెప్పాలి. నేను మధ్యలో మాట్లాడను.

6. పదకొండో గౌను నాది. దాని కుట్లన్నీ విప్పేశాను. నీ ఛాతీ, నడుము, భుజం కొలతలు తిరుగు టపాలో రాయాలి. తగ్గించి రాయకూడదు.

7. డిసెంబరు 14న తాయారమ్మ వెనక, మొదటి వరసలో నువ్వు నడవాలి.